సంతకము సరియే, చేసిన దెవరు?

ఒక పొలమును అమ్మిన దస్తావేజు రిజిస్ట్రారు కచేరికి వచ్చినపుడు అధికారి రెండు సంగతులు విచారించును. కాగితముపై నున్న చేవ్రాలు ఎదుట నిలిచినవాడు చేసినదేనా యనునది మొదటిది. ఆ నిలిచినవాడు నిజముగా ఆ పేరుగల మనుష్యుడేనా యనునది రెండవది. మొదటిదానికి చేవ్రాలు, వేలిముద్ర చాలును. రెండవదానికి అతని నెరిగిన సాక్షులు కావలెను. కంప్యూటర్ల నడుమ సందేశములు నడచుట మొదలైన పిమ్మట ఈ రెండు ప్రశ్నలును మరల తలయెత్తినవి. మొదటిదానికి గణితశాస్త్రము సమాధానము చెప్పినది. రెండవదానికి సమాధానము నేటికిని మనుష్యుల జాగ్రత్తపై ఆధారపడియున్నది.

కాగితముపై చేయు సంతకము ఏ పత్రముపైనైనను ఒకే తీరుగ నుండును. కంప్యూటరులో అట్టి గుర్తు నుంచినచో ఎవడైనను దానికి నకలు తీసి వేరొక పత్రమునకు అతికింపవచ్చును. కనుక సందేశము మారినచో సంతకమును మారవలెను. 1976 నవంబరులో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అను వారు ఒక వ్యాసమున దీనికి మార్గము సూచించిరి. ప్రతివానికిని జంటగా రెండు తాళపుచెవు లుండవలెను. ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. రహస్యమైన దానితో సంతకము చేయుట యజమానునికి మాత్రమే సాధ్యము. బహిరంగమైన దానితో పరీక్షించుట అందరికిని సాధ్యము. అయితే సంతకమునకు చక్కగా పనికివచ్చు జంటను నిర్మించు గణితము వారికి అప్పటికి చిక్కలేదు.

మరుసటి సంవత్సరము, 1977లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అను మువ్వురు ఆ గణితమును కనుగొనిరి. ఈ తాళపుచెవులు సంఖ్యలే. ఒక చిన్న ఉదాహరణమును గైకొందము. 3, 11 అను ప్రధాన సంఖ్యల లబ్ధము 33. యజమానుడు 33ను, 3ను లోకమునకు ప్రకటించి, 7ను రహస్యముగ నుంచుకొనును. అతడు పంపదలచిన సందేశము 4 అనుకొందము. ఏడు నాలుగుల లబ్ధము 16,384. దీనిని 33చే భాగింపగా శేషము 16. ఇదియే సంతకము. సందేశము నందుకొన్నవాడు 16కు ఘనము కట్టును. 4,096 వచ్చును. దీనిని 33చే భాగింపగా శేషము 4. సందేశముతో సరిపోయినది! దారిలో ఎవడైనను 4ను 5గా దిద్దియుండినచో ఈ లెక్క పొసగదు. సందేశము 5 అయినచో సంతకము 14 కావలెనని విద్యార్థులు స్వయముగా గుణించి చూడవచ్చును.

33ను 3, 11గా విడదీయగలవాడు 7ను సులభముగా పట్టుకొనగలడు. అందుచే నిజమైన సంతకములలో విడదీయ శక్యముకాని పెద్ద సంఖ్యలను వాడుదురు. 1977లో సవాలుగా ప్రకటింపబడిన 129 అంకెల సంఖ్యను 1994లో విడదీసిరి. నేడు ఈ పద్ధతిలో సాధారణముగ 600 అంకెలకు మించిన సంఖ్యలను వాడుచున్నారు. పెద్ద పత్రములకు మరియొక ఉపాయము కలదు. పత్రమునుండి మొదట ఒక నిర్ణీతమైన చిన్న సంఖ్యను రాబట్టి, దానిపై సంతకము చేయుదురు. పత్రములో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును.

ఇంతవరకు మొదటి ప్రశ్న తీరినది. కాని లెక్క సరిపోయెనన్న మాటకు, ఫలానా తాళపుచెవి గలవాడు సంతకము చేసెనని మాత్రమే అర్థము. ఆ తాళపుచెవి రామయ్యదని ఎవరు చెప్పవలెను? మోసగాడు తన తాళపుచెవినే రామయ్యదని ప్రకటించినచో లెక్క నిర్దోషముగ సరిపోవును! అందరి బహిరంగ తాళపుచెవులను ఒక పట్టికలో ఉంచవచ్చునని డిఫీ, హెల్‌మన్‌లు తలచియుండిరి. ప్రతి పర్యాయమును ఆ పట్టికను అడుగవలసి వచ్చుట పెద్ద చిక్కు. 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అను విద్యార్థి, అదే మసాచుసెట్స్ విద్యాలయమున పట్టమునకై సమర్పించిన వ్యాసములో వేరొక ఉపాయము చెప్పెను. నమ్మదగిన అధికారి ఒకడు, మనుష్యుని పేరును అతని బహిరంగ తాళపుచెవిని ఒక పత్రమున చేర్చి, దానిపై తానే డిజిటల్ సంతకము చేసి ఇచ్చును. ఇదియే ధ్రువపత్రము. 1988లో దీనికి ‘ఎక్స్ 509’ అను అంతర్జాతీయ ప్రమాణ మేర్పడెను. మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు గుర్తింపు నిచ్చి, ధ్రువపత్రములు జారీచేయు సంస్థలపై ఒక నియంత్రణాధికారిని నియమించెను.

కనుక నేడు కంప్యూటరులోని ప్రోగ్రాము సంతకపు లెక్కను చూచుటతో ఆగరాదు. ధ్రువపత్రముపై నున్న సంతకము తానెరిగిన సంస్థదేనా, గడువు మిగిలియున్నదా, పత్రము రద్దయినదా, అందులోని పేరు తాను కోరినవాని పేరేనా యని వరుసగా చూడవలెను. ఇందులో ఏ మెట్టు తప్పినను ముప్పే.

సాక్షియే మోసపోయినచో ఏమగునో 2011లో తెలియవచ్చెను. హాలెండు దేశములోని డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థ కంప్యూటర్లలోనికి ఒక చొరబాటుదారుడు ప్రవేశించి, 500కు పైగా దొంగ ధ్రువపత్రములు పుట్టించెను. వానిలో ఒకటి గూగుల్ పేర నుండెను. దానితో ఇరాన్ దేశమున ఎందరో ప్రజల ఉత్తరములు పరుల కంటబడు స్థితి ఏర్పడెను. ఆ పత్రము సుమారు 3,00,000 చిరునామాలకు ఎదురైనట్లు విచారణలో తేలెను. సంతకపు లెక్క ఎక్కడను తప్పలేదు! ఆగస్టు చివర ఇరాన్‌లో ఒకడు తన కంప్యూటరు చూపిన హెచ్చరికను వెల్లడించుటచే గుట్టు బయటపడెను. సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసెను. తరువాత, జారీయైన ధ్రువపత్రములను ఎల్లరును చూడదగిన బహిరంగ చిట్టాలో నమోదు చేయు పద్ధతి 2013లో రూపొందెను.

పరీక్షించు ప్రోగ్రామే తప్పినచో ఏమగునో 2014 ఫిబ్రవరిలో తెలిసెను. ఆపిల్ కంపెనీ ప్రోగ్రాములో, తప్పు కనబడినచో ముగింపునకు పొమ్మను వరుస పొరపాటున రెండుసార్లు వ్రాయబడియుండెను. రెండవ వరుసకు ఏ షరతును లేదు. కావున తప్పు లేకున్నను ప్రోగ్రాము ముగింపునకు దుమికి, సంతకమును చూడకయే సరియని జవాబిచ్చుచుండెను.

మొదటి సందర్భమున సాక్షి మోసపోయెను. రెండవదానిలో అధికారి పత్రమును చూడకయే ముద్ర వేసెను. రెండింటను గణితము చెడలేదు. రిజిస్ట్రారు కచేరిలో వలెనే ఇచ్చటను, సంతకపు విలువ దానిని పరీక్షించువాని శ్రద్ధకు లోబడియే యుండును.