బందరు ఎవరి మాట?

బందరు అంటే ఫారసీలో రేవు. ఈ సంగతి నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. చిన్నప్పుడు మా నానా సైకిలు మీద గిలకలదిండి తీసుకెళ్ళి చెప్పాడు. ఇప్పుడక్కడ చేపల పడవలే. ఒకప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల పెద్ద రేవు మాత్రం మా బందరే. 17వ శతాబ్దంలో ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి ఇరాన్ దాకా పోయాయి. కలంకారీ అన్న మాటా ఫారసీదే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. 30 వేల మంది పోయారంటారు. రేవు వెలుగు తగ్గుతూ వచ్చింది. ఊరు మెల్లగా చదువు మీద బతకడం నేర్చుకుంది.

ఆ చదువు అప్పటికే మొదలైంది. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకుంటే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఊరికీ కాలేజీకీ పేచీ అంత పాతది. మా పిల్లల్ని మీరేం చేస్తున్నారని ఊరు అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

వందేమాతరం రోజుల్లో, 1907లో, బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చాడు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ పుస్తకంతో పాటు చేతిపనీ నేర్పారు. పింగళి వెంకయ్య అక్కడ పాఠం చెప్పాడు. ప్రమోద్ కుమార్ చటర్జీ బొమ్మలు నేర్పాడు. ఇదంతా నాకూ గర్వమే. నా ఊరి చరిత్ర కదా! కానీ ఈ చరిత్ర చెప్పేవాళ్ళు మమ్మల్ని నవాబుల కాలం దగ్గరే దించేసి వెళ్ళిపోతారు. తర్వాత మేమేమయ్యాం? సముద్రంలో కలిసిపోయామా?

నేను కాలేజీలో చేరిన మొదటిరోజు హాజరు పిలిచాక పక్క బెంచీ అబ్బాయి అన్నాడు, "తెలుగు బాగానే మాట్లాడతావే!" మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. పాకిస్తాన్‌తో క్రికెట్ ఉన్న రోజు అందరి చూపూ నా మొహం మీదే.

దివిసీమ నుంచి వచ్చిన మా దోస్తు ఒకడు గది కోసం వీధులన్నీ తిరిగాడు. గది చూపించేవాళ్ళు, అద్దె చెప్పేవాళ్ళు. ఆఖర్న పేరు అడిగేవాళ్ళు. పేరు చెప్పగానే, "మా చుట్టాలబ్బాయి వస్తున్నాడు బాబూ" అనేవాళ్ళు. బందరులో అందరికీ అన్ని చుట్టరికాలుంటాయని అప్పుడే తెలిసింది. చివరికి మా అమ్మీ మా ముందుగది ఇచ్చింది. తర్వాత అదే గదిలో హిందువుల పిల్లలూ ఉండి చదువుకున్నారు. అమ్మీని పిన్నిగారూ అని పిలిచేవాళ్ళు. ఊరంటే ఇదీ ఉంది. దాచను.

దాచకూడనిది ఇంకొకటుంది. ఆ గదిలో పరాయి పిల్లలు పరీక్షలకి చదువుతుంటే వాళ్ళకి టీ కాచింది మా ఆపా. ఆమెని పదో తరగతితో మాన్పించేశారు. మాన్పించింది ఎవరు? ఏ కాలేజీ గేటూ కాదు. మా అబ్బా, మా పెద్దలు, మాట్లాడకుండా ఊరుకున్న నేను. మమ్మల్ని చరిత్రలోంచి తప్పించారని అరిచే నోటితో ఇదీ చెప్పాలి.

2006లో సచార్ కమిటీ మా వెనకబాటుని లెక్కలతో చూపింది. 2007లో రాష్ట్రం ముస్లింలలో 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అది 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. అంతకు రెండేళ్ళ ముందు, 2008లో, బందరుకి కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. అంతవరకూ మా కాలేజీలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి.

మా ఆపా కూతురు ఊరి బయట రుద్రవరం క్యాంపస్‌లో పీజీ చదివింది. మొదటిరోజు ఆమెని బస్సెక్కించడానికి ఆపాయే వెళ్ళింది. నేను ఆ పిల్లకి ఒక్కమాటే చెప్పాను: "బందరు అంటే ఏమిటని క్లాసులో అడుగు. తెలియదంటే నువ్వే చెప్పు. గిలకలదిండి పడవలవాళ్ళనీ, పెడన అద్దకంవాళ్ళనీ కలిపి చెప్పు."

ఊరి మీద హక్కు ఎవరో ఇచ్చేది కాదు. ఊరి పేరులోనే ఉంది. చదువుకుని అడగాలి, అంతే.