ఆటోకాడ్ డ్రాయింగ్ పోయిందా? కంగారు పడకండి

కోస్గిలోనూ చుట్టుపక్కలా డిప్లొమా, ఐటీఐ చదువుతూ మెషిన్ డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు చాలామందే. సబ్మిషన్ ముందురోజు కరెంటు పోయి, రాత్రంతా గీసింది పోతే ఇంటిల్లిపాదికీ బాధే. చాలాసార్లు ఆ పని తిరిగి దొరుకుతుంది.

బీఏకే ఫైల్: డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో ఉంటుంది. అంతకుముందు సేవ్ చేసిన కాపీ అది. దాన్ని వేరే చోట కాపీ చేసి, చివర బీఏకే తీసేసి డీడబ్ల్యూజీ అని మార్చండి. చివరి అక్షరాలు కనబడకపోతే విండోస్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి.

ఆటోసేవ్: మార్చకపోతే 10 నిమిషాలకోసారి జరుగుతుంది. కరెంటు పోయాక ఆటోకాడ్ తెరవగానే డ్రాయింగ్ రికవరీ మేనేజర్ చూడండి. డ్రాయింగ్‌ను మామూలుగా క్లోజ్ చేస్తే ఆటోసేవ్ కాపీ చెరిగిపోతుంది, జాగ్రత్త.

ఫైల్ తెరుచుకోకపోతే: రికవర్ కమాండ్. తెరుచుకున్నా తప్పులుంటే ఆడిట్. వాడని బ్లాకులు, లేయర్లతో బరువెక్కితే పర్జ్.

కొలత తేడా వస్తే: యూనిట్స్ చూడండి. ఇంచీకి 25.4 మిల్లీమీటర్లు. సైజు అన్నిరెట్లు మారితే తప్పు అక్కడే.

క్రాక్ కాపీల జోలికి పోవద్దు, వాటితో వైరస్ రావచ్చు. చదువుకునే పిల్లలకు, అర్హత సరిచూసుకున్నాక ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది.

చివరగా, కంట్రోల్ ఎస్ చేతికి అలవాటు చేసుకోండి. రోజూ ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.