బిడ్డ బరువు, మాయ చరిత్ర

బిడ్డ తక్కువ బరువుతో పుడితే మన ఇళ్లలో మొదటి నింద తల్లిపైనే పడుతుంది, సరిగా తినలేదని. ఆహారానికి ప్రాముఖ్యం లేదని నేననను. కాని తల్లి తిన్నది బిడ్డకు చేరవలసినది మాయ ద్వారా. కొన్నిచోట్ల దీనినే మావి అంటారు. అక్కడికి వచ్చే రక్తం తగ్గితే, కడుపునిండా తిన్న తల్లికి సైతం చిన్న బిడ్డే పుట్టవచ్చు. ఈ సంగతి వైద్యులకే చాలా ఆలస్యంగా తెలిసింది.

మాయలో తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ కలిసిపోవని 18వ శతాబ్దంలో లండన్‌లో హంటర్ సోదరులు చూపారు. గర్భంతో మరణించిన స్త్రీల రక్తనాళాలలోకి మైనం ఎక్కించి పరిశీలించారు. అన్న విలియం 1774లో గొప్ప చిత్రసంపుటి ప్రచురించాడు. ఆ ఘనత తనదేనని తమ్ముడు జాన్ 1780లో రాయల్ సొసైటీ ముందు వాదించాడు. దానితో అన్నదమ్ములు విడిపోయారు!

ఆ తరువాత కూడా చాలాకాలం, రెండున్నర కిలోలు మించని శిశువులందరినీ నెలలు నిండనివారిగానే లెక్కించారు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఆ పేరును ‘తక్కువ జనన బరువు’గా మార్చమన్నది. 1963లో డెన్వర్‌లో డాక్టర్ లులా లుబ్‌చెంకో బృందం ఏ వారానికి ఎంత బరువు ఉంటుందో రేఖాపటాలు గీసింది. నెలలు నిండినా ఎదగని బిడ్డలను ముందుగా పుట్టినవారి నుండి వేరుచేసి చూడటానికి అవి తోడ్పడ్డాయి.

వారు ఎందుకు ఎదగలేదు? కాన్పులో బయటపడిన మాయను ఎంత పరీక్షించినా పూర్తి సమాధానం దొరకలేదు. బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే వైద్యులు మాయ అంటుకొని ఉండే గర్భాశయపు గోడను పరిశీలించి, 1967లో తమ ఫలితాలను ప్రకటించారు. ఆ గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులుంటాయి. సవ్యమైన గర్భంలో మాయ కణాలు వాటిలోకి చొచ్చుకొనిపోయి, కండరపు పొరను తొలగించి, వెడల్పైన గొట్టాలుగా మారుస్తాయి. సుమారు 20 వారాలకు ఈ పని చాలావరకు ముగుస్తుంది. ప్రీఎక్లాంప్సియా అనే రక్తపోటు వ్యాధి వచ్చిన స్త్రీలలో ఆ మార్పు లోతుగా జరగలేదు, ధమనులు ఇరుకుగానే మిగిలాయి. అప్పుడు బిడ్డకు ప్రాణవాయువు, పోషకాలు తగ్గుతాయి. ఉన్న రక్తాన్ని బిడ్డ శరీరం ముందుగా మెదడుకు మళ్లిస్తుంది. అందుకే అటువంటి శిశువుకు తల పెద్దదిగా, పొట్టా తొడలూ ఎండినట్లుగా కనిపిస్తాయి.

1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని తల్లి పొట్టపై నుండే డాప్లర్‌తో నమోదు చేశారు. ఇరుకైన ఆ ధమనులను తిరిగి వెడల్పు చేసే మందు నేటికీ లేదు. బిడ్డను ఇంకా లోపల ఉంచాలా, ముందే బయటికి తీయాలా అని తేల్చుకోవడానికి డాప్లర్ తోడ్పడుతుంది. కనుక గర్భిణి ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ రక్తపోటు చూపించుకోవాలి, ఆరవ నెల దాటాక పొట్ట ఎత్తును టేపుతో కొలిపించుకోవాలి. బిడ్డ కదలికలు తగ్గితే మరునాటి వరకు ఆగక, ఆనాడే వెళ్లండి.