రంగస్థలం మీద పద్మశ్రీ, వీధిలో నేరం

‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ ‘మీరజాలగలడా’ ఎత్తుకుంటే వన్స్‌మోర్‌లు మోగిపోయేవి. ఆ సత్యభామ బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు. ఆ పాట రాసుకున్నదీ ఆయనే. అదే పల్లవిని మళ్లీ మళ్లీ పాడుతూ, పాడినప్పుడల్లా భావం మార్చేవారు. ఓసారి అందులో గర్వం వినిపిస్తే, ఓసారి గోము. ఇంకోసారి మొగుడు చేజారిపోతాడేమోనన్న బెంగ. అదే పేరుతో వచ్చిన 1966 సినిమాలో జమున అభినయించగా సుశీల పాడిన పాటగానే ఇప్పటివారికి అది తెలుసు. దాన్ని పుట్టించింది చీర కట్టి, జడ వేసుకుని నిలబడిన ఒక మగవాడని మరవకూడదు.

1920లో ‘హరిశ్చంద్ర’ నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఆ లోటు పూడ్చడానికి ఆయన ముఖానికి రంగు వేసుకున్నారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి దశాబ్దాలపాటు స్త్రీ వేషాలే కట్టారు. చింతామణి, రోషనార, దేవదేవి, మధురవాణి... వేశ్య ఒకరైతే మొఘలు రాకుమారి ఒకరు. ఒకరి నడక ఇంకొకరికి పనికిరాదు. ఒకరి కట్టు మరొకరికి నప్పదు. ఆడవేషమంటే గొంతు సన్నం చేసి నడుము తిప్పడం కాదని తెలుగు నాటకానికి నేర్పిన మనిషి ఆయన. ‘నటస్థానం’ పేరుతో తన కథ తానే రాసుకున్నారు.

అప్పట్లో సంసార స్త్రీలు నాటకాలాడితే సంఘం ఒప్పేది కాదు. సురభి నాటక కుటుంబాల దారి వేరు; అక్కడ ఆడవాళ్లు మగవేషాలూ కట్టారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టారు. ఆయన వాదన న్యాయమైనదే. అయినా స్థానం వారి సత్యభామను అవసరానికి కట్టిన వేషంగా జమకట్టడానికి నాకు మనసొప్పదు.

కూచిపూడిలో ఈ విద్య ఇంకా పాతది. ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగబిడ్డా ఒక్కసారైనా ‘భామాకలాపం’లో భామ, అంటే సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్ర యోగి పెట్టిన నియమమని చెబుతారు. తెర మీదుగా జడ వేసి, తనతో సరితూగేవారుంటే రమ్మని సవాలు చేస్తుంది భామ. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ భామగానే దేశమంతా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. భామాకలాపాన్ని తరతరాలుగా ఆడిన గోదావరి జిల్లాల దేవదాసీ నర్తకులు, కలావంతులకు మాత్రం అంత మన్నన దక్కలేదు. పైగా 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వాళ్లను ఆటకే దూరం చేసింది.

స్థానం తొలిసారి చీర కట్టిన ఆ రోజుల్లోనే నిజాం రాజ్యంలో ఇంకో చట్టం వచ్చింది. 1329 ఫసలీ, అంటే 1919 నాటి నపుంసకుల చట్టం. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలోనూ ఇలాంటి నిబంధనలే ఉండేవి. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. పేరెక్కిన మనిషి ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడినా, నలుగురి ముందు ఆడినా, వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. దొంగతనమో దౌర్జన్యమో రుజువు కానక్కర్లేదు, చీర కడితే చాలు.

స్థానం వారికి పద్మశ్రీ వచ్చింది 1956లో. ఆ ఏడాది నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నిజాం నాటి ఆ చట్టం కొత్త రాష్ట్రానికీ సంక్రమించింది. ఒకే దేశంలో ఒక చీరకు సన్మానం, ఇంకో చీరకు సంకెళ్లు! తెర దిగాక పంచె కట్టుకుని ఇంటికెళ్లే మగవాణ్ని సంఘం నెత్తిన పెట్టుకుంది. పగలూ రాత్రీ చీరలోనే బతకాలనుకున్న మనిషి కంటబడితే ఓర్వలేకపోయింది. ఈ తేడాకు కళతో ఏ సంబంధమూ లేదు. కులం, ఊళ్లో పరపతి, ‘ఎంతైనా మగాడేలే’ అన్న నిశ్చింత, ఇవే దాని వెనకున్నవి.

1971లో స్థానం కన్నుమూశారు. చట్టం ఇంకో యాభై ఏళ్లు పైబడి బతికింది. ట్రాన్స్‌జెండర్లకు తమ లింగ గుర్తింపును తామే చెప్పుకునే హక్కు ఉందని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత కూడా ఆ నిజాం నాటి చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు తామే కోర్టు మెట్లెక్కి కొట్లాడాక 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛను వాళ్లకూ ఇవ్వాలని ఆదేశించింది. ఆడవేషం కట్టి హైదరాబాద్‌లో ఇప్పుడు డ్రాగ్ ప్రదర్శనలిస్తున్నవారిలో శాస్త్రీయ నృత్యం నేర్చినవారూ ఉన్నారు. వాళ్లది విదేశాల నుంచి దిగుమతైన వెర్రి అని ఈసడించేవారు ముందు భామాకలాపం చూడాలి. ఆ తర్వాత ఆ 1919 చట్టం చదవాలి.