భాగం 9: ఒక ప్రశ్న, పలుచోట్ల జవాబులు - యాడికి వాన లెక్కల నుంచి గ్రిడ్ కంప్యూటింగ్ వరకు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు శాస్త్రీయ దత్తాంశం పలుచోట్ల ఎందుకు చెదిరి ఉందో, గ్రిడ్ వ్యవస్థలు దాన్ని ఎలా ప్రశ్నిస్తాయో, ఆ పనికి చరిత్ర జ్ఞానం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.

9.1 పరిచయం

అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ జిల్లాలోని యాడికి మండలం గురించి ఒక పరిశోధకురాలు ఇలా అడిగిందనుకోండి: "గత వందేళ్లలో జూలై వాన తప్పిన సంవత్సరాలు ఎన్ని? ఆ సంవత్సరాల్లో వేరుశనగ దిగుబడి, బావుల నీటిమట్టం ఎలా ఉన్నాయి?"

ప్రశ్న చిన్నదే, కానీ జవాబు ఒకచోట లేదు. వాన లెక్కల కోసం పుణెలోని వాతావరణ శాఖ దత్తాంశ కేంద్రాన్ని, దిగుబడుల కోసం రాష్ట్ర అర్థ గణాంక శాఖను, నీటిమట్టాల కోసం భూగర్భజల శాఖను, ఉపగ్రహ చిత్రాల కోసం హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రాన్ని ఆశ్రయించాలి. ఇవన్నీ ఒకే గ్రిడ్‌లో చేరాయని భావించకండి. సమస్యను అర్థం చేసుకోవడానికి మాత్రమే దీన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం.

9.2 కాగితాల కాలం

1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఆ మరుసటి ఏడాదే మొదలైన 1876-78 కరువు దత్తమండలాలను అతలాకుతలం చేసింది. అప్పటి పద్ధతిలో లెక్కలు తాలూకా కచేరీ నుంచి జిల్లాకు, అక్కడి నుంచి మద్రాసుకు వెళ్లేవి. పైకి వెళ్లేకొద్దీ వాటిని కూడి సంక్షిప్తం చేసేవారు. దీంతో పై కార్యాలయానికి జిల్లా చిత్రం అందేది కానీ, ఊరి చిత్రం కింది దస్త్రాల్లోనే ఉండిపోయేది. ఒకే ఊళ్లో ఒక వైపు తడిసి మరో వైపు ఎండే సీమలో ఇది చిన్న లోపం కాదు.

9.3 గ్రిడ్ భావన

వేర్వేరు కంప్యూటర్లలోని దత్తాంశాన్ని ఒకే ప్రశ్నతో వెతకాలనే ప్రయత్నాలు 1970ల్లోనే మొదలయ్యాయి. 1998లో ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెస్సెల్‌మన్‌ల సంపాదకత్వంలో వెలువడిన గ్రంథం 'గ్రిడ్' అనే పేరుకు ప్రచారం తెచ్చింది. ఆ పేరు విద్యుత్ గ్రిడ్ నుంచి వచ్చింది. యాడికిలో స్విచ్ వేసినవారికి ఆ కరెంటు శ్రీశైలానిదో, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానిదో తెలియనక్కరలేదు. గణన శక్తి, దత్తాంశం కూడా అలాగే అందాలన్నది ఆశయం. అమెరికాలో ఎర్త్ సిస్టమ్ గ్రిడ్ వాతావరణ నమూనాల ఫలితాలను ఈ మార్గంలో పంచింది. మన దేశంలో సీ-డాక్ చేపట్టిన 'గరుడ' గ్రిడ్ తొలి దశలో 17 నగరాల్లోని 45 సంస్థలను కలిపింది.

ప్రశ్న ప్రయాణించే క్రమాన్ని గమనించండి. మొదట అడిగేవారికి అనుమతి ఉందో లేదో వ్యవస్థ పరిశీలిస్తుంది. తరువాత ఏ సమాచారం ఎక్కడుందో సూచికలో చూస్తుంది. ప్రశ్నను ముక్కలు చేసి ఆయా కేంద్రాలకు పంపుతుంది. ప్రతి కేంద్రం తన దగ్గరే వెతికి, అవసరమైన వరుసలను మాత్రమే తిప్పి పంపుతుంది. చివరికి వాటిని జతచేస్తారు. దత్తాంశం మొత్తాన్ని మోసుకురావడం కంటే ప్రశ్నను అక్కడికి పంపడమే చౌక అన్నది దీనిలోని సూత్రం.

9.4 తీగలు కలిపినా కలవనివి

జతచేసే దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. యాడికి 'మండలం' అయింది 1985లో. అంతకుముందు లెక్కలు తాడిపత్రి తాలూకా పేరుతో ఉంటాయి. 1882కు ముందు అనంతపురం జిల్లాయే లేదు. అప్పటి కాగితాలను బళ్లారి జిల్లా కింద వెతకాలి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక 'అనంతపురం జిల్లా సగటు' అనే మాటకు అర్థం మళ్లీ మారింది. పాత వాన లెక్కలు అంగుళాల్లో ఉంటే, నేటివి మిల్లీమీటర్లలో ఉన్నాయి. రెవెన్యూ దస్త్రాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ వరకు. దాన్ని 1876 క్యాలెండరు సంవత్సరంతో నేరుగా జతచేస్తే ఒక ఏడాది వాన మరో ఏడాది పంట పక్కన చేరుతుంది. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు, తప్పు జవాబును కూడా అంతే వేగంగా ఇస్తుంది.

'గ్రిడ్' అనే మాటకు మరో అర్థం ఉందని గుర్తుంచుకోండి. వాతావరణ శాఖ 6,955 వర్షమాపక కేంద్రాల లెక్కలతో 1901-2010 కాలానికి 0.25 డిగ్రీల గళ్ల పటం తయారుచేసింది. ఒక్కో గడి వెడల్పు దాదాపు 27 కిలోమీటర్లు. యాడికి పడే గడిలోని సంఖ్య చుట్టుపక్కల కేంద్రాల నుంచి కట్టిన అంచనా. అది యాడికిలో కొలిచిన వాన కాదు.

ఈ తేడా పరీక్షల కోసం మాత్రమే కాదు. మన రాష్ట్రంలో కరువును మండలం వారీగా ప్రకటిస్తారు. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం వాన లెక్కను బట్టి తేలుతుంది. ఏ కేంద్రం లెక్క, ఏ సరిహద్దు, ఏ సంవత్సరం అన్న ఎంపికలోనే ఒక రైతు కుటుంబానికి డబ్బు రావడం, రాకపోవడం ఉంటుంది.

9.5 సారాంశం

గ్రిడ్ వ్యవస్థలు దూరాన్ని జయించాయి. కాలంతో మారిన పేర్లను, కొలతలను, సరిహద్దులను కలపాలంటే వాటి చరిత్ర తెలిసిన మనిషి కావాలి. ప్రతి సంఖ్య వెంట అది ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలిచిందో చెప్పే వివరం ఉండాలి. దాన్నే మెటాడేటా అంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దత్తాంశాన్ని తరలించకుండా ప్రశ్నను పంపడం వల్ల ప్రయోజనం ఏమిటి?
2. మీ మండలం 1985కు ముందు ఏ తాలూకాలో ఉండేది? ఆ మార్పు పాత పంట లెక్కలను ఎలా ప్రభావితం చేస్తుంది?