ఆరుబయట మనిషి ఫోటో: ఎండను, నీడను ఎంచుకొనే విధానం

పెళ్ళి, నామకరణం, జాతర వంటి సందర్భాలలో ఆరుబయట తీసిన ఫోటోయే అనేక కుటుంబాలలో పెద్దల గుర్తుగా మిగులుతుంది. వారి అనంతరం పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేసేదీ ఆ ఫోటోలోని ముఖానికే. అందులో కన్నులు నల్లని గుంటలుగా, ఛాయ మసిబారినట్లుగా ఉంటే మరల తీయుటకు వీలుండదు. ఈ లోపానికి సాధారణంగా కారణం కెమెరా ధర కాదు, వెలుతురు పడే దిక్కు.

సత్తువాచారి ఎండ స్వభావం

రాయవేలూరు కలెక్టరు కార్యాలయం గల సత్తువాచారి, పడమటనున్న గుడియాత్తం, రెండూ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13 డిగ్రీల అక్షాంశంపై ఉన్నాయి. అందుచేత ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాలలో, ఏటా రెండుసార్లు, మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. డిసెంబరులో సైతం మధ్యాహ్నవేళ అతని ఎత్తు 53 డిగ్రీలకు తగ్గదు. పైనుండి పడే ఎండలో నుదురు, ముక్కు మెరుస్తాయి. కనుబొమల నీడ కన్నులను కప్పుతుంది.

ఇంటికి ఉత్తరపు వైపున ఎప్పుడూ నీడ ఉంటుందని శీతలదేశాల ఫోటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. ఆ మాట ఇక్కడ చెల్లదు. ఏప్రిల్ చివరి వారం నుండి ఆగస్టు మూడవ వారం వరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. ఆ నెలలలో మధ్యాహ్నపు నీడ ఇంటికి దక్షిణాన, మిగిలిన నెలలలో ఉత్తరాన దొరుకుతుంది.

వేళను తెలుసుకొనుట

ఇందుకు మనిషి నీడయే కొలత. నీడ మనిషి ఎత్తుతో సమానమైతే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నట్లు. నీడ అంతకంటె పొడవుగా ఉన్న వేళ ముఖానికి అనుకూలం. సూర్యోదయానంతరం రెండు గంటలు, అస్తమయానికి ముందు రెండు గంటలు అట్టి సమయం.

మధ్యాహ్నం తప్పనిసరియైతే

తిన్నె అంచున, నీడలోనే, ముఖం బయటి ఆకాశంవైపు ఉండేటట్లు కూర్చోబెట్టవలెను. విశాలమైన ఆకాశం నుండి వచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది. మరీ లోపలికి జరిపితే కన్నులు మళ్ళీ చీకటి పడతాయి. చింతచెట్టు క్రింద ఆకుల సందులగుండా పడే ఎండ ముఖాన్ని మచ్చలు చేస్తుంది. ఎర్రని, పసుప్పచ్చని షామియానా తన రంగునే చర్మానికి పులుముతుంది.

ఎండలో నిలువక తప్పనప్పుడు సూర్యుని వీపువైపు ఉంచి, ఎదుటినుండి తెల్లని పంచె గాని థర్మోకోల్ అట్ట గాని రొమ్ము ఎత్తున పట్టించవలెను. దానిని దగ్గరకు తెచ్చిన కొద్దీ ముఖం వెలుగుతుంది. అద్దం, మెరిసే పళ్ళెం వాడరాదు; కన్నులు చెదురుతాయి. రెండు మూడు మీటర్ల దూరంలో పగటి వేళ ఫ్లాష్ కూడా కంటి నీడలను తగ్గిస్తుంది.

చామనఛాయ, నల్లని ఛాయ

కెమెరా తాను చూచిన దృశ్యాన్ని సగటు బూడిదరంగుగా ఎంచి వెలుతురు నిర్ణయిస్తుంది. వెనుక సున్నం కొట్టిన గోడ, ఒంటిపై తెల్లని పంచె ఉంటే వెలుతురు ఎక్కువైనదని భావించి తగ్గిస్తుంది. నల్లని ముఖం మరింత నల్లబడుతుంది. రంగుల ఫిల్ముల కాలంలో కోడాక్ సంస్థ పంపిన సరిచూపు కార్డులపై కూడా చాలాకాలం తెల్లజాతి స్త్రీల ముఖాలే ఉండేవి. నల్లని చర్మం ఆ కొలతకు అందలేదు.

నివారణ సులభం. సెల్‌ఫోనులో తెరపై ముఖం ఉన్నచోట తాకి, పక్కన కనిపించే వెలుతురు గుర్తును కొంచెం పైకి జరపవలెను. కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచవలెను. ఛాయను తెల్లగా మార్చుట దీని ఉద్దేశం కాదు. కంటిలో చిన్న మెరుపు, చెంపపై ముడుతలు స్పష్టంగా కనిపించితే వెలుతురు చాలినట్లే. తీసిన వెంటనే ఫోటోను పెద్దది చేసి ఆ రెండింటిని చూచుకొని, పెద్దలను లేవనీయుటకు ముందే అవసరమైతే మరొకటి తీయుట మేలు.