మైసూరు సంస్థానపు తొలి రాజకీయ పక్షములు

ప్రజామిత్ర మండలి, ప్రజాపక్షము, ఆ రెండింటి కలయికవలన పుట్టిన ప్రజా సంయుక్త పక్షము అను మూడును 1917 మొదలు 1937 వరకు మైసూరు సంస్థానమున ఉదయించి అస్తమించిన రాజకీయ పక్షములు. ముళబాగిలు, ఆవని, బంగారుపేట ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కోలారు మండలమునకు వీని చరిత్రలో విశేష స్థానము కలదు.

దివాను రంగాచార్యులు 1881లో నెలకొల్పిన ప్రజాప్రతినిధి సభ విన్నపములు వినుటకే గాని శాసనములు చేయుటకు ఏర్పడినది కాదు. 1907లో శాసన సభ వచ్చిన పిమ్మటను దివాను మహారాజునకు మాత్రమే జవాబుదారి. మైసూరు పక్షములకు గెలిచి ఏలు మార్గమే లేకపోవుటచే, అవి అర్జీదారులుగా జీవితమారంభించెను.

ప్రభుత్వోద్యోగములలో అధిక భాగము బ్రాహ్మణుల వశమైయుండగా, లింగాయతులు, ఒక్కలిగలు, మహమ్మదీయులు మున్నగు వర్గముల నాయకులు 1917లో ప్రజామిత్ర మండలిని స్థాపించిరి. దానికి ప్రాణము పోసినవారిలో, అప్పుడు మైసూరు విద్యాశాఖలో ఉన్నతాధికారిగానున్న కట్టమంచి రామలింగారెడ్డి ఒకరు. ఆయనను కవిత్వతత్త్వ విచార కర్తగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రథమ ఉపకులపతిగా కొనియాడు మనము ఈ అధ్యాయమును విస్మరించుట న్యాయము కాదు. ఉద్యోగములలో తమ వర్గములకు భాగము కోరిన మండలి విన్నపమును ఆలకించి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు 1918లో ఆ విషయమును విచారించుటకు మిల్లరు సంఘమును నియమించెను. వర్గములను బట్టి ఉద్యోగములొసగు విధానమునకు సమ్మతింపని దివాను విశ్వేశ్వరయ్య ఆ యేడే పదవిని వీడెను. వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలో ప్రాధాన్యమొసగు ఉత్తరువు 1921లో వెలువడెను. కోరినది లభించుటతోడనే మండలి ఉత్సాహము సన్నగిల్లెను. ఒక్క కోరికపై నిలిచిన పక్షమునకు ఫలసిద్ధియే క్షయకారణమైనది.

కోలారు మండలములోని క్యాసంబళ్లిలో 1902లో జన్మించిన చెంగలరాయరెడ్డి, న్యాయశాస్త్ర పట్టము పొందిన పిదప, 1930లో మిత్రులతో కలిసి ప్రజాపక్షమును స్థాపించెను. రైతుల కష్టములను ఎలుగెత్తి చాటుచు, బాధ్యతాయుత ప్రభుత్వమును లక్ష్యముగా ప్రకటించిన ఈ పక్షము పట్టణపు కొలువుల వివాదమును దాటి పల్లెలకు చేరెను. దాని గొప్పతనమంతయు ఇందే యున్నది. అదే యేట కోలారు బంగారు గనుల కార్మికులు పెద్ద సమ్మె సాగించిరి. అయినను రైతుల పక్షము గని లోతున శ్రమించువారి పక్షము కాజాలకపోయెను. ఇది చిన్న లోపము కాదు.

1934లో ప్రజాపక్షమును ప్రజామిత్ర మండలియు ఏకమై ప్రజా సంయుక్త పక్షముగా రూపొందగా, 1935 నుండి 1937 వరకు చెంగలరాయరెడ్డి దానికధ్యక్షుడాయెను. మైసూరు కాంగ్రెసునకు జాతీయోద్యమ ప్రతిష్ఠ యుండెను గాని పల్లెలలో వేళ్లు లేవు. సంయుక్త పక్షమునకు పల్లెబలముండెను గాని దేశవ్యాప్తమైన అండ లేదు. 1937లో కాంగ్రెసుతో జరిగిన విలీనమును పరాజయమనుట తగదు: పేరు నశించినను, పక్షమునకు చెందినవారే కాంగ్రెసు నాయకులైరి, చెంగలరాయరెడ్డియే దానికధ్యక్షుడాయెను. 1938 ఏప్రిల్ 25న, నాడు కోలారు మండలములోనే యున్న విదురాశ్వత్థమున జెండా యెగురవేయ గుమిగూడిన జనులపై పోలీసులు కాల్పులు జరిపి పలువురిని పొట్టనబెట్టుకొనగా, ఉద్యమము సంస్థానమంతట రగిలెను.

స్వాతంత్ర్యానంతరము బాధ్యతాయుత ప్రభుత్వము కోరి సాగిన 'మైసూరు చలో' ఆందోళనము ఫలించి, 1947 అక్టోబరులో చెంగలరాయరెడ్డి మైసూరు ప్రథమ ముఖ్యమంత్రియై 1952 వరకు ఆ పదవి నిర్వహించెను.